ఫోన్-ఇన్‌లో రెండో మాట ఎక్కడ పోయింది?

మాస్టారూ, నమస్కారం. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్లుగా ప్రతి గురువారం పొద్దున వింటున్న మీ ఊరి రేడియో ఫోన్-ఇన్ ఇప్పుడు వినబుద్ధి కావడం లేదన్నారు. యాంకర్ అడుగడుగునా అడ్డుపడుతున్నాడనీ, వారం వారం అవే నాలుగు గొంతులనీ, వచ్చిన అధికారి పథకాల కరపత్రం చదివి వెళ్లిపోతున్నాడనీ రాశారు. మీ వీధిలో మంచినీళ్ల పైపు గురించి మీరే ఫోన్ చేస్తే "చాలా మంచి ప్రశ్న అడిగారండీ" అని లైన్ కట్ చేసి పాట వేశారట. రెండు ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. ఇంకా వినాలా, మానేయాలా అని అడిగారు.

నేను ఒక ఆకాశవాణి లోకల్ ఎఫ్ఎం కేంద్రంలో 17 ఏళ్లు క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. ఏ ఊరో చెప్పను, అక్కడివాళ్లు ఇంకా పలకరిస్తూనే ఉన్నారు. మీరు చెప్పిన పనులన్నీ నేనూ చేశాను. అడ్డుపడ్డాను, లైన్ కట్ చేశాను, "మంచి ప్రశ్న" అన్నాను. కాబట్టి ఆ యాంకర్‌ని వెనకేసుకొస్తున్నానని మీకు అనిపిస్తే ఆ అనుమానంలో కొంత నిజం ఉంది. కానీ మీ బాధ మాత్రం నూటికి నూరుపాళ్లూ న్యాయమే. అది యాంకర్ గొంతు గురించో, పాటల గురించో కాదని నా నమ్మకం. మీ చేతిలోంచి రెండో మాట లాగేసుకున్నారు. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

రెండో మాట అంటే ఏమిటో ఒక సంగతి చెప్తాను. ఓసారి కరెంటు ఆఫీసు నుంచి డివిజనల్ ఇంజినీరు, అదే డీఈ గారు వచ్చారు. ఒక పెద్దాయన ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదకొండు రోజులైంది, వరి ఎండిపోతోంది అన్నాడు. డీఈ గారు అలవాటుగా "సంబంధిత కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, తగిన చర్యలు తీసుకుంటాం" అన్నారు. మామూలుగా అయితే ఆ క్షణంలో నేను ఫేడర్ (కాలర్ గొంతు తగ్గించే మీట) కిందికి దించేసి "ధన్యవాదాలండీ, మరో కాలర్" అనాలి. ఆ రోజు నా చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. స్టూడియోలోకి నీళ్లు తేకూడదు, తెచ్చాను. ఎక్కడ ఒలుకుతుందో అని గ్లాసు పక్కన పెట్టేలోపు పెద్దాయన మళ్లీ మాట్లాడాడు. "ఇచ్చిన సారూ. రెండుసార్లిచ్చిన. రసీదు నా చేతిలనే ఉంది. తారీఖు చదవాల్నా?"

నాలుగైదు సెకన్లు స్టూడియోలో ఎవరూ మాట్లాడలేదు. రేడియోలో నాలుగు సెకన్లంటే చాలా ఎక్కువ. తర్వాత డీఈ గారు జేబులోంచి పెన్ను తీసి "మీది ఏ సబ్‌స్టేషన్ కింద వస్తుంది?" అని అడిగారు. అప్పటిదాకా మాట్లాడింది ఆఫీసు, అక్కణ్ణుంచి మనిషి మాట్లాడాడు. ఆ రోజు డ్యూటీ రూమ్‌లో ఫోన్ మోగుతూనే ఉంది. 17 ఏళ్లలో నేను చేసిన మంచి ఫోన్-ఇన్ అదేనని చాలామంది అంటారు. దాంట్లో నా గొప్పేమీ లేదు, గ్లాసుదే. ఇంకో మాట కూడా చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. మరుసటి వారం మేం ఆ ఊసే ఎత్తలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు ప్రతి అధికారి దగ్గరా తయారుగా ఉంటుంది. రెండో ప్రశ్నకు ఉండదు. అందుకే ఫోన్-ఇన్ అనే ప్రక్రియ ప్రాణమంతా ఆ రెండో ప్రశ్నలో ఉంది. ఉత్తరాల కాలంలో ఆ అవకాశం లేదు. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు ధర్మసందేహాలు చెప్పిన రోజుల్లో శ్రోత సందేహం రాసి పంపితే ఆయన జవాబు చెప్పేవారు, శ్రోత వినేవాడు. మళ్లీ అడగాలంటే మళ్లీ పోస్టుకార్డు కొనాలి. ఫోన్ వచ్చాక ఆ అడ్డు పోయింది. ఇప్పుడు మీ కార్యక్రమంలో ఫోనైతే ఉంది కానీ నడక మాత్రం కార్డు నాటిదే.

మరి ఎందుకిలా అయింది? తెర వెనక ఏం జరుగుతుందో చెప్తాను. మీరు ఫోన్ చేస్తే ఎత్తేది యాంకర్ కాదు. డ్యూటీ రూమ్‌లోనో పక్క గదిలోనో ఒకరు ఎత్తి, పేరు, ఊరు, ప్రశ్న అడిగి ఒక చీటీ మీద రాసి లోపలికి పంపుతారు. ఆ చీటీ మీద పట్టేది ఒక్క వాక్యం. "మంచినీళ్ల పైపు, ఫలానా వీధి." యాంకర్‌కి తెలిసింది అంతే. మీ పైపు కథ మూడు నెలల నాటిదని, ముందు ఇద్దరిని కలిశారని అతనికి తెలియదు. అతని కళ్ల ముందు గోడ గడియారం ఉంది, క్యూ షీట్‌లో, అంటే ఏ నిమిషానికి ఏది వేయాలో రాసిన కాగితంలో, ఈ కార్యక్రమం తర్వాత రావాల్సిన ప్రకటన ఉంది, చేతిలో ఇంకా ఆరు చీటీలున్నాయి. పదిమందితో మాట్లాడించాం అని మరుసటి రోజు మీటింగ్‌లో చెప్పుకోవచ్చు. ఒక్కరితో బాగా మాట్లాడించాం అని చెప్పుకోవడానికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు.

అవే నాలుగు గొంతుల గురించి మీకు ఒక అనుమానం ఉన్నట్టుంది, కావాలనే వాళ్లతో చేయిస్తున్నారేమో అని. నా అనుభవంలో అది చాలా అరుదు. మొదటి ఫోన్ రాక నిశ్శబ్దం అవుతుందేమోనన్న భయంతో తెలిసిన శ్రోతకు "ఈ రోజు చేయండి" అని ముందురోజు చెప్పడం మాత్రం ఉంది. నేనూ చెప్పాను. మిగతాదంతా రీడయల్ నైపుణ్యం. శ్రోతల సంఘాల వాళ్లకి నంబరు బట్టీ, సమయం బట్టీ. యాంకర్ "మా నంబరు" అనేలోపే వాళ్లు లైన్‌లో ఉంటారు. మీరు కళ్లజోడు పెట్టుకుని, నంబరు రాసుకుని, నొక్కేసరికి ఎంగేజ్. మా కేంద్రంలో ఒకావిడ కొన్నాళ్లు ఒక పద్ధతి పెట్టింది. ఒకసారి మాట్లాడినవాళ్లకి నెలదాకా మళ్లీ అవకాశం లేదు. పాత శ్రోతలు అలిగారు, కొత్తవాళ్లు వచ్చారు. ఆవిడ బదిలీ అయ్యాక పద్ధతీ పోయింది.

అసలు పెద్ద కారణం ఇంకొకటి ఉంది, బయటివాళ్లకి తెలియదు. యాంకర్ అని మీరు అనుకునే మనిషి చాలాచోట్ల ఉద్యోగి కాడు. క్యాజువల్. నెలకు ఆరు డ్యూటీలు, అంతకు మించి ఇవ్వరు. ఈ గురువారం చేసినవాడు వచ్చే గురువారం ఉండకపోవచ్చు. కిందటి వారం ఎవరు ఏం అడిగారో ఈ వారం కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు, ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి ఇస్తే తప్ప. పైన చూసుకోవాల్సిన ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌లు రిటైరవుతూ పోయారు, ఆ కుర్చీల్లో చాలావాటికి మళ్లీ మనుషులు రాలేదు. ఒక్కరే రైతుల కార్యక్రమం, మహిళల కార్యక్రమం, యువవాణి, ఈ ఫోన్-ఇన్ అన్నీ చూస్తుంటారు. శిక్షణ సంగతి ఇంకా ఘోరం. 2018 చివర్లో ఆకాశవాణి జాతీయ ఛానల్‌తో పాటు అయిదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలని ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి నిర్ణయించింది. ఆ అయిదింట్లో మన హైదరాబాద్ ఒకటి. మాట మధ్యలో ఎప్పుడు కల్పించుకోవాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అనేది పాఠం చెప్పి, పక్కన కూర్చుని వినిపిస్తే వచ్చే విద్య. ఇప్పటి పిల్లలు దాన్ని ప్రైవేట్ ఎఫ్ఎం జాకీలను విని నేర్చుకుంటున్నారు. అక్కడ నిశ్శబ్దం అంటే పాపం.

ఇక భయం. ఆకాశవాణికి ప్రసార నియమావళి ఒకటుంది. మిత్రదేశాల మీద విమర్శ, మతాల మీద దాడి, అశ్లీలం, హింసకు రెచ్చగొట్టడం, కోర్టు ధిక్కారం, రాజకీయ పార్టీ మీద పేరు పెట్టి దాడి, కేంద్రాన్ని గానీ రాష్ట్రాన్ని గానీ శత్రుభావంతో విమర్శించడం, ఇలాంటివి కూడదు. మంచినీళ్ల పైపు పగిలిందనడం ఇందులో ఏ గీతా దాటదు. కానీ లైవ్‌లో కూర్చున్న క్యాజువల్‌కి ఆ గీత ఎక్కడుందో ఎవరూ చూపించలేదు కాబట్టి, పది అడుగులు ఇవతలే ఆగిపోతాడు. తప్పు జరిగితే వచ్చే నెల డ్యూటీ చార్టులో పేరుండదు. తప్పు జరగకపోతే ఏమీ జరగదు. మీరైనా ఏం చేస్తారు?

నేనేం చేశానో చెప్తాను. రేషన్ మీద కార్యక్రమం. ఒకావిడ తూకంలో మోసం గురించి చెప్తూ డీలర్ పేరు చెప్పేసింది. నేను ఠక్కున ఫేడర్ దించి, ధన్యవాదాలు చెప్పి, పాట వేశాను. రుజువు లేకుండా ఒక మనిషి పేరు గాలిలోకి వెళ్లకూడదు, అంతవరకు సరే. కానీ "పేరు వద్దమ్మా, ఏం జరిగిందో చెప్పండి" అని ఆవిణ్ణి లైన్‌లో ఉంచొచ్చు కదా! ఆ మాట నాకు ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. మర్నాడు మీటింగ్‌లో నన్ను మెచ్చుకున్నారు, బాగా హ్యాండిల్ చేశావని. ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. చేసినా నేను గుర్తుపట్టేవాణ్ణి కాదేమో.

ఇదంతా చెప్పింది మిమ్మల్ని సర్దుకుపొమ్మని కాదు. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, 1997లో అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ఒకసారి చదవండి. ప్రజలకు సంబంధించిన ప్రతి విషయంలోనూ స్వేచ్ఛగా, నిజాయితీగా, నిష్పాక్షికంగా సమాచారం పొందే పౌరుడి హక్కును కాపాడాలనీ, పరస్పరం భిన్నమైన అభిప్రాయాలతో సహా సమతూకంగా అందించాలనీ అందులో ఉంది. అది అమల్లోకి రాకముందే, 1995లో సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. మీరు అధికారికి అభ్యంతరం చెప్పే రెండో మాట వాళ్లు దయతో ఇచ్చేది కాదు. చట్టం ప్రకారం వాళ్ల పని అది.

పైగా మీకు వేరే రేడియో కూడా లేదు. ప్రైవేట్ ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు సేకరించి చెప్పడానికి మన దేశంలో అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్ తిరిగి వేసుకోవచ్చు అంతే. అందుకే మున్సిపల్ కమిషనర్‌ని కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు అడిగించే సరదా వాళ్లకి ఉండదు. లోకల్ కేంద్రాలు పెట్టిన ఉద్దేశమే ఇది. 1984లో నాగర్‌కోయిల్‌లో దేశంలో మొదటిది పెట్టారు, మన తెలుగు నేల మీద ఆదిలాబాద్‌లో 1986లో వచ్చింది. ఆ తర్వాత కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం, కర్నూలు అలా వరస. రాజధాని నుంచి ఉపన్యాసం వినిపించడం కాకుండా ఆ జిల్లా మనుషుల గొంతే ఆ జిల్లాకు వినిపించాలని. టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఊళ్లకు పోవడం తొలిరోజుల్లో ప్రతి వారం ఉండే పని. ఇప్పుడు ఊరే ఫోన్ చేసి రావాలి.

కాస్త పక్కకు పోతున్నాను గానీ, జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు 2008 నుంచి నడుపుతున్నారు. దళిత రైతు మహిళలే రికార్డు చేస్తారు, వాళ్లే మైకు ముందు కూర్చుంటారు. అక్కడ అడిగే మనిషికీ చెప్పే మనిషికీ మధ్య గాజు తలుపు లేదు. ఒకరు విత్తనం గురించి ఏదో అంటే ఇంకొకరు "అట్లెట్లయితది?" అంటారు, అది అలాగే పోతుంది. ట్రాన్స్‌మిటర్ చిన్నది, చుట్టుపక్కల ఊళ్లకే వినిపిస్తుంది. నాకు కావలసిన ఫోన్-ఇన్ ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే ఆ "అట్లెట్లయితది"నే చూపిస్తాను.

ఇప్పుడు మీ ఉత్తరాల సంగతి. మీరు రాసినదానితో పాటు వాటినీ పెట్టారు కాబట్టి చూశాను. క్షమించండి, బడిపిల్లల వ్యాసం దిద్దినట్టు చెప్తున్నాను. "కార్యక్రమ ప్రమాణాలు దిగజారుతున్నాయి" అని మొదలుపెట్టారు. అలాంటి ఉత్తరం చదివి "శ్రోత అభిప్రాయం, నోటెడ్" అని రాసి ఫైల్లో పెడతారు. దానికి ఎవరూ జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. తేదీ రాయండి, సమయం రాయండి, ఏ నిమిషంలో ఏం జరిగిందో రాయండి. "ఫలానా తేదీ ఉదయం 9 గంటల 22 నిమిషాలకు నేను అడిగిన ప్రశ్నకు అధికారి ఇచ్చిన జవాబు ఇది, నాకు తిరిగి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు" అని రాస్తే అది డ్యూటీ ఆఫీసర్ రిపోర్టుతో సరిపోల్చాల్సిన కాగితం అవుతుంది. యాంకర్ పేరు ఎత్తకండి. ఎత్తితే అతని డ్యూటీలు పోతాయి, కార్యక్రమం అలాగే ఉంటుంది. కేంద్రం అధిపతికి రాయండి, స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్ మెసేజ్ ఎవరి ఫోన్‌లోనో పడి ఉంటుంది, పోస్టులో వచ్చింది ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది.

అడిగేది కూడా ఒక్కటే అడగండి. నేనైతే ఇది అడుగుతాను: కార్యక్రమం మొదట్లో అయిదు నిమిషాలు, కిందటి వారం ప్రశ్నలు ఏమయ్యాయో చెప్పాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, అదనపు మనిషి అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ చాలు. ఆ నోట్‌బుక్ ఉంటే క్యాజువల్ ఎవరు వచ్చినా కథ తెగదు. పిలిచే అధికారికి కూడా తెలుస్తుంది, ఇవాళ చెప్పినదాన్ని వచ్చే గురువారం చదువుతారని. ట్రాన్స్‌ఫార్మర్ పెద్దాయన విషయంలో మేం చేయనిది అదే.

అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, ప్రసార భారతి దాని పరిధిలోనే ఉంది. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "ఎందుకు కట్ చేశారు" అని అడిగితే "అది సమాచారం కిందికి రాదు" అని తిప్పి పంపుతారు. ఉన్న కాగితాలు అడగాలి. గత ఆరు నెలల్లో ఈ కార్యక్రమం ఎన్నిసార్లు లైవ్, ఎన్నిసార్లు రికార్డింగ్, ఆ రోజుల క్యూ షీట్ల నకళ్లు, శ్రోతల ఉత్తరాల రిజిస్టర్‌లో మీ ఉత్తరాల నమోదు. లైవ్ గురించి ఎందుకంటే, మీరు రాసిన లక్షణాలు చూస్తే కొన్ని వారాలు రికార్డు చేసి వేస్తున్నారేమో అనిపిస్తోంది. యాంకర్ టైము చెప్పకపోవడం, మధ్యలో నంబరు ఇవ్వకపోవడం, ఒక్క కాల్ కూడా "హలో, హలో, వినిపిస్తోందా" లేకుండా నున్నగా రావడం, ఇవి నాకు తెలిసిన గుర్తులు. రికార్డు చేయడం తప్పు కాదు, చెప్పి చేస్తే.

వినడం మానేస్తారా అంటే, మీ ఇష్టం. మానేస్తే వాళ్లకి తెలియదు, అది మాత్రం ఖాయం. నేను మానలేదు. తిడుతూ వింటాను, మా ఆవిడ నన్ను తిడుతుంది.

వచ్చే గురువారం మళ్లీ చేస్తానంటే చిన్న సలహాలు. లైన్ కలవగానే రేడియో పూర్తిగా ఆపేయండి, సౌండ్ తగ్గించడం చాలదు. మీ రేడియోలోంచి వచ్చిన గొంతు ఫోన్‌లోంచి మళ్లీ స్టూడియోకి పోయి గుయ్‌మంటుంది, ఆ వంకతో కట్ చేస్తారు. యాప్‌లో వింటుంటే ఇంకా ఇబ్బంది, అది కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, మీ మాట మీకే వెనక నుంచి వినిపించి తడబడతారు. బయట ఫోన్ ఎత్తినవాళ్లు ప్రశ్న ఏమిటంటే, "పైపు గురించి, దరఖాస్తు ఇచ్చి ఇన్ని రోజులైంది, నంబరు నా దగ్గరుంది" అని మొత్తం చెప్పండి, చీటీ మీద అదీ ఎక్కుతుంది. లోపల మాత్రం ప్రశ్న ఒక్క వాక్యంలో అడగండి. ఊరి చరిత్ర, నా పరిచయం, కార్యక్రమం బాగుంది అనే పొగడ్త వద్దు. అవే మీ రెండో మాటకు ఉన్న సమయం తినేస్తాయి. దరఖాస్తు కాగితం ఎదురుగా పెట్టుకోండి. అధికారి "దరఖాస్తు ఇవ్వండి" అనగానే, యాంకర్ ఊపిరి పీల్చుకునేలోపు, తారీఖు చదివేయండి.